‘డోర్ లాక్’ అని రాసిన ఇళ్ళు

(ఒంగోలులో వైద్య విద్యార్థులు, పరిశోధన సిబ్బంది, ఎథిక్స్ కమిటీ సభ్యులు కలిసిన ఒక సమావేశంలో కమిటీ సామాన్య సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పెద్ద డాక్టర్లు, పీజీ పిల్లలు, ప్రాజెక్టుల కోసం ఊళ్ళు తిరిగే సిబ్బంది, అందరూ ఒకే హాల్లో కూర్చోవడం నేను ఇదే మొదటిసారి చూడటం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వెనక గోడకు ఆనుకుని కూర్చున్న ఫీల్డ్ సిబ్బంది ముందుకు రండమ్మా. మొహమాటపడకండి. నేను చెప్పేది సగం మీ మాటే.

నేను డాక్టర్ని కాను. కనిగిరి వైపు ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. మనుషుల మీద చేసే పరిశోధన న్యాయంగా జరుగుతోందా లేదా అని చూసే ఒక ఎథిక్స్ కమిటీలో ఆరేళ్ళుగా సామాన్య సభ్యురాలిగా ఉన్నాను. మందుల ట్రయల్స్ మీద 2019లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. వాళ్ళలో వైద్యంతో సంబంధం లేని సామాన్య వ్యక్తి ఒకరు, మహిళ ఒకరు, చట్టం తెలిసినవారు ఒకరు తప్పనిసరి. కనీసం సగం మంది ఆ సంస్థకు బయటివాళ్ళై ఉండాలి. నన్ను తీసుకున్నప్పుడు సామాన్య వ్యక్తి, మహిళ, బయటి మనిషి అనే మూడు లెక్కలూ నాతోనే తీరిపోయాయి. అది తప్పని అప్పుడే చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను. మూడు గళ్ళు ఒక్క మనిషితో నింపితే ఇంకో ఇద్దరు మాట్లాడే అవకాశం పోయినట్టే. మొన్నటి నుంచి మా కమిటీలో ఒక రిటైర్డ్ ఏఎన్ఎం గారు కూడా కూర్చుంటున్నారు. ఆవిడ వచ్చాక అడిగే ప్రశ్నలే మారిపోయాయి.

వైద్య పరిశోధన సంస్థల్లో సమానత్వం, వైవిధ్యం, అందరికీ చోటు కల్పించడం గురించి మాట్లాడమన్నారు. ఈ మాటలు వినగానే బ్యానర్ గుర్తొస్తుంది. నాకు మాత్రం ఒక తలుపు గుర్తొస్తుంది. ఆ తలుపు దగ్గర మొదలుపెడతాను.

నాలుగేళ్ళ కిందట, పొదిలికి కనిగిరికి మధ్య ఒక ఊళ్ళో తాగేనీళ్ళ మీద, కీళ్ళ నొప్పుల మీద ఒక సర్వే జరిగింది. ఎవరు చేశారో చెప్పను, వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. పని ఎలా జరుగుతుందో చూసి రమ్మని కమిటీ నన్ను పంపింది. మార్చి నెల. పదిన్నరకి జీపు ఊళ్ళోకి వెళ్ళింది. ముగ్గురు సర్వే పిల్లలు, చేతుల్లో ట్యాబ్‌లు, భుజానికి శాంపిల్ డబ్బాలు. ఊరి మధ్య ఇళ్ళు చకచకా అయిపోయాయి. కుర్చీలు వేశారు, మజ్జిగ ఇచ్చారు, అడిగిన ప్రశ్నలన్నింటికీ జవాబు చెప్పారు. ఆ తర్వాత ఊరికి ఎడంగా ఉన్న గిరిజన కాలనీకి పోయాం. పాతిక ఇళ్ళు. అందులో పదిహేడింటికి ట్యాబ్‌లో ‘డోర్ లాక్’ అని పడింది.

ఒక ఇంటి ముందు నేను ఆగాను. ఆ తలుపుకి తాళమే లేదు. మేకపిల్లలు లోపలికి దూరకుండా గొళ్ళేనికి పాత చీర పేలిక చుట్టి ముడి వేసి ఉంది. గడప పక్కన బోర్లించిన సత్తు గిన్నె, దాని మీద ఒక రాయి. పొద్దున్నే వండుకు తిని పనికి పోయిన ఇల్లని చూడగానే తెలుస్తోంది.

“తాళం ఎక్కడుంది నాయనా?” అని అడిగాను.

ఆ పిల్లవాడు నిజాయితీగా చెప్పాడు: “మనుషులు లేకపోతే ఇందులో ఆప్షన్ అదొక్కటే ఉంది మేడమ్.”

మూడుసార్లు వెళ్ళి చూడాలని ప్రోటోకాల్‌లో ఉంది. వెళ్ళారు కూడా. మూడుసార్లూ పగలే వెళ్ళారు. ఎందుకంటే జీపు పగలే దొరుకుతుంది, సాయంత్రం ఐదుకి డ్రైవర్ డ్యూటీ దిగిపోతాడు. ఆ ఇళ్ళ వాళ్ళలో కొందరు మిరపకాయల కోతకి గుంటూరు వైపు పోయారు, కొందరు సముద్రం వైపు రొయ్యల గుంటలకి కాపలా పోయారు. మిగిలినవాళ్ళు పక్క ఊళ్ళోనే పొగాకు బ్యారన్ల దగ్గర పనిలో ఉన్నారు, చీకటి పడ్డాక ఇంటికొస్తారు. అంటే రాత్రి ఎనిమిదికి పోతే సగం తలుపులు తెరిచే ఉంటాయి.

ఇది ఎవరిమీదో జాలి చూపించే విషయం అనుకోవద్దు. లెక్క తప్పే విషయం. ఊళ్ళో కాస్త ఉన్నవాళ్ళు ఇరవై లీటర్ల క్యాన్ కొనుక్కుని ప్లాంటు నీళ్ళు తాగుతున్నారు. కాలనీ వాళ్ళు తాగేది బోరు నీళ్ళు. బోరు నీళ్ళు తాగేవాళ్ళనే వదిలేసి నీళ్ళ వల్ల వచ్చే జబ్బు మీద సర్వే చేస్తే, ఆ ఊరికి జబ్బు తక్కువని వస్తుంది. ఆ కాగితం పైకి పోతుంది. దాన్ని చూసి ఫిల్టర్ ప్లాంటు ఇంకో ఊరికి ఇస్తారు.

ఆ రోజు కాలనీలో ఇంటి దగ్గరున్న కొద్దిమందిలో ఒక అవ్వ ఉంది. మనవళ్ళని చూసుకుంటూ కానుగ చెట్టు కింద కూర్చుంది. ఆవిడని పరీక్ష చేశారు. “గడ్డం ఛాతీకి ఆనించవ్వా” అన్నారు. ఆనలేదు. “చేతులు తల వెనక్కి పెట్టవ్వా” అన్నారు. చెవుల దాకా వచ్చి ఆగిపోయాయి. “వంగి కాళ్ళ వేళ్ళు ముట్టుకో” అంటే, మోకాళ్ళు కూడా దాటలేదు. నేను పక్కకి వెళ్ళి నిలబడ్డాను. మా అమ్మా అంతే. వెనకనుంచి పిలిస్తే మెడ తిరిగేది కాదు, మనిషి మొత్తం తిరిగేది. చిన్నప్పుడు మేము అది ఆవిడ ఠీవి అనుకునేవాళ్ళం.

నా పళ్ళ మీద కూడా ఈ గోధుమరంగు చారలున్నాయి, ముందు వరసలో వాళ్ళకి కనిపిస్తూనే ఉంటాయి. కాలేజీకి నెల్లూరు పోయినప్పుడు నవ్వు వస్తే కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. పళ్ళు తోముకోదేమో అనుకుంటారని భయం. అది నీళ్ళ వల్ల వచ్చిందని నాకు తెలిసేటప్పటికి నేనే పాఠాలు చెబుతున్నాను.

ఇక్కడ పీజీ పిల్లలు తెలుసుకోవాల్సిన చరిత్ర ఒకటుంది. నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు పాడయ్యే ఈ జబ్బు పేరు ఫ్లోరోసిస్. మన దేశంలో దాని గురించి మొదట రాసింది మన నేల గురించే. 1937లో ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్’లో షార్ట్, మాక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే నలుగురు మద్రాసు ప్రెసిడెన్సీలోని ఈ జబ్బు గురించి రాశారు. వాళ్ళు చూసింది నెల్లూరు జిల్లా మనుషుల్ని. అప్పటికి పొదిలి, దర్శి, కనిగిరి అన్నీ నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. ఒంగోలు జిల్లా 1970లో ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. లీటరు నీళ్ళలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాట మీకు తెలుసు. ఆ సంగతి ప్రపంచానికి అర్థమవడంలో మన ఊళ్ళ వాళ్ళ ఎముకలకీ వాటా ఉంది. నేను చదువుకున్నది ఆ ఊళ్ళకి కూతవేటు దూరంలో. ఈ ముక్క మా బడిలో ఎవరూ చెప్పలేదు. వైద్యశాస్త్రానికి మేం ఇచ్చినదేమిటో మాకే తెలియదు.

తర్వాత హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు చేసిన పని గురించి చదివాను. 1973లో కృష్ణమాచారి గారు, కమలా కృష్ణస్వామి గారు, ఫ్లోరైడ్ ఉన్న ప్రాంతంలో పిల్లల మోకాళ్ళు లోపలికి వంగిపోవడం గురించి ‘లాన్సెట్’ అనే వైద్య పత్రికలో రాశారు. కమలా కృష్ణస్వామి గారు తర్వాత ఆ సంస్థకే డైరెక్టరయ్యారు. అదే సంస్థలో తర్వాత జరిగిన పరిశోధనలో, అన్నం తినేవాళ్ళ కన్నా జొన్నలు తినేవాళ్ళ ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తుందని తేలింది. అప్పట్లో జొన్నసంకటి ఎవరు తినేవాళ్ళో మీకు చెప్పక్కర్లేదు. నీళ్ళ సీసా పట్టుకుని బావి దగ్గరే ఆగిపోయి ఉంటే ఇది తెలిసేది కాదు. వంటింటి దాకా వెళ్ళి “ఏం తింటారమ్మా?” అని అడిగేవాళ్ళు ఉండాలి. సంస్థలో రకరకాల ఇళ్ళ నుంచి వచ్చిన మనుషులు ఉంటేనే అలాంటి ప్రశ్నలు పుడతాయి. సంకటి ముద్ద తిని పెరిగినవాళ్ళకి జొన్నల సంగతి అడగాలని వేరే చెప్పనక్కర్లేదు కదా.

ఆ అవ్వ దగ్గరికి మళ్ళీ వస్తాను. అంగీకార పత్రం చదివి వినిపించారు. ఆ పత్రం నా కళ్ళ ముందే ఉంది, ఇంగ్లీషు నుంచి ఎవరో తెలుగు చేశారు. “ఈ అధ్యయనం నుండి మీరు ఏ సమయమునందైనను స్వచ్ఛందముగా ఉపసంహరించుకొనవచ్చును” అని ఉంది. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పినదాన్ని, నాకే రెండోసారి చదవాల్సి వచ్చింది.

అవ్వ అంతా విని, “ఏందమ్మా అది, ఏం చేసుకోమంటున్నారు?” అంది.

“మధ్యలో వద్దనుకుంటే మానెయ్యొచ్చు అవ్వా. మానేసినా పెద్దాసుపత్రిలో నీ వైద్యం ఆగదు” అన్నాను.

“ఆ ముక్క అట్టా చెప్పొచ్చు గదా” అంది.

అప్పటి నుంచి మా కమిటీలో ఒక పద్ధతి పెట్టించాను. తెలుగు పత్రాన్ని సభ్యుల్లో ఎవరూ ఆమోదించకముందు, ఆసుపత్రి ఓపీలో కూర్చున్న ఇద్దరికి గట్టిగా చదివి వినిపిస్తాం. “మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి” అని అడుగుతాం. వాళ్ళు చెప్పలేకపోతే తప్పు పత్రానిదే. ర్యాండమైజేషన్ అంటే ‘యాదృచ్ఛికీకరణ’ అని రాసుకొస్తారు. చీటీలు వేసినట్టు, ఏ మందు ఎవరికి వస్తుందో డాక్టర్ చేతిలో కూడా ఉండదు అంటే ఎవరికైనా అర్థమవుతుంది. ప్లాసిబో అంటే చూడటానికి మందులాగే ఉండి లోపల మందు లేని బిళ్ళ. ఇంత చిన్న మాటలకి నిఘంటువులు ఎందుకు? చదువురానివాళ్ళ విషయంలో సంబంధం లేని సాక్షి ఒకరు మొదటి నుంచి చివరి దాకా పక్కనే ఉండి సంతకం చెయ్యాలని నిబంధన ఉంది. ఆ సాక్షి చాలాసార్లు ఆసుపత్రి వార్డు ఆయానే. పైవాళ్ళు చెప్పినచోట సంతకం పెట్టే ఉద్యోగం చేసుకునే మనిషి సంబంధం లేని సాక్షి ఎలా అవుతుంది? దీని మీద నాకు మా కమిటీలో ఇంకా పోట్లాట నడుస్తూనే ఉంది.

ఇక వేలిముద్ర. అవ్వ వేలిముద్ర దగ్గర ఆగిపోయింది. ఇంకు పెట్టె చూడగానే చెయ్యి కొంగులో పెట్టుకుంది. మాతో వచ్చిన పిల్లలకి విసుగొచ్చింది, ఎండ ముదురుతోంది కదా. వాళ్ళకి తెలియని కథ ఒకటుంది. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద మన నెల్లూరు జిల్లాలో యానాదుల్లో, ఎరుకలల్లో ఎన్నో కుటుంబాల పేర్లు పోలీసు రిజిస్టరులో ఎక్కాయి. వేలిముద్రలు తీసుకునేవాళ్ళు, హాజరు పలకాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. కావలిలో, కప్పరాళ్ళతిప్పలో సెటిల్‌మెంట్లు ఉండేవి. ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో గాని రద్దు కాలేదు. యానాదుల కోసం జీవితమంతా పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య గారు మన నెల్లూరు జిల్లా మనిషే. ఆ అవ్వ వాళ్ళ నాయనకి వేలిముద్ర అంటే ఏమిటో ఆలోచించండి. సహకరించడం లేదు అని రిపోర్టులో రాసే ముందు, ఆ చెయ్యి కొంగులోకి ఎందుకు పోయిందో తెలిసిన మనిషి ఒక్కరు ఆ జీపులో ఉండాలి. ఆ కాలనీ నుంచి ఇంటర్ చదివిన ఆడపిల్ల ఒకతి ఉంది. ఆ అమ్మాయిని పనిలోకి తీసుకోవచ్చని ప్రాజెక్టు వాళ్ళకి తోచలేదు.

నేను బడి నడిపినదాన్ని కాబట్టి ఖమ్మం సంగతి నన్ను ఇప్పటికీ వదలదు. 2009లో అప్పటి మన ఖమ్మం జిల్లాలో పది నుంచి పధ్నాలుగేళ్ళ ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు ఒకటి జరిగింది. చాలామంది హాస్టల్లో ఉండే గిరిజన పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్లో ఆపేశారు. ఆ మరణాలకి టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. టీకా మంచిదే, నా మనవరాలికి నేనే వేయించాను. కానీ అంగీకారం తీసుకున్న తీరు తప్పు. 2013 నాటి పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 పత్రాల్లో 2,763 మీద సంతకాలు చేసింది హాస్టల్ వార్డెన్లు. నేను కూడా హెడ్మిస్ట్రెస్‌గా చేశాను. పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చి, సంతకం పెట్టమంటే, ఆ రోజు నేనూ పెట్టేదాన్నే. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఆ పిల్లల అమ్మానాన్నలు ఎక్కడో అడవి పల్లెల్లో ఉన్నారు. వాళ్ళ ఇళ్ళకీ మనం తాళం వేసినట్టే కదా. చివరికి నష్టపోయింది కూడా ఆడపిల్లలే. ఆ గొడవతో ఆ టీకా అంటేనే జనానికి ఏళ్ళ తరబడి అనుమానం పట్టుకుంది.

డాక్టర్లు కూర్చున్నారు కాబట్టి మీ పుస్తకాల్లోంచే ఒకటి రెండు చెబుతాను, తప్పయితే దిద్దండి. జోల్పిడెం అనే నిద్రమాత్రకి అమెరికాలో 1992లో అనుమతి వచ్చింది. ఆడవాళ్ళ ఒంట్లో ఆ మందు తెల్లారేసరికి కూడా ఎక్కువగా మిగిలిపోతుందని చెప్పి, అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఆడవాళ్ళకి మోతాదు పది మిల్లీగ్రాముల నుంచి ఐదుకి తగ్గించింది 2013లో. ఇరవై ఏళ్ళు ఆడవాళ్ళు రెట్టింపు మోతాదు మింగారు. పిల్లలు పుట్టే వయసున్న ఆడవాళ్ళని మందుల తొలి దశ పరీక్షల్లోకి తీసుకోవద్దని 1977లో అమెరికాలో ఒక మార్గదర్శకం ఉండేది, 1993లో గాని దాన్ని వెనక్కి తీసుకోలేదు. ఆడవాళ్ళని కాపాడుతున్నాం అనే అనుకున్నారు పాపం. పరీక్షలో లేనివాళ్ళకి మందు సరిపోతుందో లేదో బజార్లోకి వచ్చాకే తెలిసింది.

కోవిడ్‌లో మనందరి ఇళ్ళల్లో వేలికి పెట్టుకునే ఆక్సిజన్ మీటర్లు కొన్నాం. 2020 డిసెంబరులో మిషిగన్ డాక్టర్లు ఒక సంగతి బయటపెట్టారు. మీటరు బాగానే ఉందని చూపిస్తున్నా రక్తపరీక్షలో ఆక్సిజన్ తక్కువున్న రోగులు, తెల్లవాళ్ళలో కన్నా నల్లవాళ్ళలో దాదాపు మూడు రెట్లు. అది అమెరికా లెక్క. ఎండలో పనిచేసి పనిచేసి కారునలుపైన మన చేతివేళ్ళ మీద ఆ మీటరు ఎంత నిజం చెబుతుంది? పీజీ పిల్లల్లో థీసిస్‌కి అంశం వెతుక్కునేవాళ్ళుంటే ఇది తీసుకోండి. దీనికి కోట్ల రూపాయల మెషిన్లు అక్కర్లేదు.

దగ్గరిది ఇంకొకటి. మత్తు డాక్టర్లకి ఇది బాగా తెలుసు. ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మామూలుగా కొద్ది నిమిషాల్లో విరిగిపోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైము లోపించినవాళ్ళకి గంటల తరబడి ఊపిరి తిరిగిరాదు. ఆ లోపం మన ఆర్యవైశ్యుల్లో మిగతావాళ్ళ కన్నా ఎక్కువ. తరతరాలుగా తమలో తామే సంబంధాలు చేసుకోవడం వల్ల ఒక్కో సమూహంలో ఒక్కో జన్యు లక్షణం పేరుకుంటుందని హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2017లో రాసినప్పుడు ఈ ఉదాహరణే చెప్పారు. నెల్లూరు ట్రంకు రోడ్డు మీద నాలుగు దుకాణాలు దాటేసరికి నాలుగు రకాల రక్తం. యూరప్ వాళ్ళ మీద చేసిన లెక్క తెచ్చి అందరికీ ఒకటే చీటీ రాస్తే ఎవరో ఒకరు టేబుల్ మీద ఇబ్బంది పడతారు.

ఇప్పటిదాకా బయటివాళ్ళ సంగతి చెప్పాను. సంస్థ లోపల కూడా ఇళ్ళున్నాయి, వాటికీ తలుపులున్నాయి.

నా దగ్గర పదో తరగతి చదివిన పిల్ల ఒకతి ఎమ్మెస్సీ చేసి ఒక ప్రాజెక్టులో చేరింది. పదకొండు నెలల కాంట్రాక్టు, ఒక రోజు విరామం, మళ్ళీ పదకొండు నెలలు. మూడేళ్ళు అలా చేసింది. ఏ ఊళ్ళో ఏ ఇంట్లో ఏ కోడలు మాట్లాడుతుందో, ఏ అత్త ఉంటే మాట్లాడదో ఆ పిల్లకే తెలుసు. ఐదో నెల అని తెలిశాక కాంట్రాక్టు పొడిగించలేదు. “ఏమన్నారమ్మా?” అంటే, “ఏమీ అనలేదు టీచర్. కాగితం రాలేదు, అంతే” అంది. ఆ తర్వాత ఏడాదికి పేపర్ అచ్చయింది. పేర్లలో తన పేరు లేదు. చివర కృతజ్ఞతల్లో కూడా ‘ఫీల్డ్ సిబ్బందికి’ అని ఉంది. తను అచ్చు తీసుకుని దాచుకుంది. నాకు చూపించింది. చూపించేటప్పుడు ఆ పిల్ల కళ్ళల్లో గర్వమే ఉంది, అది చూసి నాకు కన్నీళ్ళాగలేదు.

ప్రసూతి సెలవు ఇరవై ఆరు వారాలని 2017లో చట్టం మారింది. ముందు ఏడాదిలో ఎనభై రోజులు పనిచేస్తే చాలు, కాంట్రాక్టు వాళ్ళకీ వర్తిస్తుంది. ఢిల్లీలో ఒక కాంట్రాక్టు డాక్టరమ్మ కేసులో, కాంట్రాక్టు గడువు మధ్యలో ముగిసినా ప్రసూతి ప్రయోజనాలు పూర్తిగా ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. ఈ తీర్పు మీ ఆఫీసు నోటీసు బోర్డు మీద పెట్టండి, ఖర్చు ఒక కాగితం. యాభై మంది, ఆ పైన పనిచేసేచోట పిల్లల్ని ఉంచుకునే గది ఉండాలని కూడా చట్టంలో ఉంది. మందుల డబ్బాలు పెట్టుకోవడానికి గదులు దొరుకుతాయి, ఉయ్యాల కట్టడానికి దొరకవా?

కేంద్ర సైన్స్ విభాగం 2020లో ‘గతి’ అనే కార్యక్రమం పెట్టి ముప్పై సంస్థల్లో మొదలుపెట్టింది. ఆడవాళ్ళ పరిస్థితి ఎలా ఉందో సంస్థ తన లెక్క తనే తీసుకుని సరిదిద్దుకోవాలన్నది దాని ఉద్దేశం. ఇంగ్లండులో 2005 నుంచి నడుస్తున్న ‘అథీనా స్వాన్’ దానికి నమూనా. మంచిదే. కానీ లెక్క తీసేటప్పుడు ప్రొఫెసర్ల దగ్గర ఆగిపోకండి. సీనియారిటీ జాబితాలో పేరులేని వాళ్ళని కూడా లెక్కపెట్టండి. డేటా ఎంట్రీ ఆపరేటరు, శాంపిల్ మోసే అబ్బాయి, ల్యాబ్ తుడిచే మనిషి, వీళ్ళు ఎవరు, ఏ ఊరి వాళ్ళు, ఎన్నేళ్ళ నుంచి కాంట్రాక్టు. కాలు బాగాలేని విద్యార్థి మీ ల్యాబ్ మెట్లు ఎక్కగలడా? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం నాలుగు శాతం వాళ్ళకి కేటాయించింది. ఉద్యోగం మూడో అంతస్తులో పెట్టి లిఫ్టు ఆపేస్తే ఆ నాలుగు శాతం ఎక్కడికి పోవాలి?

మీటింగుల భాష గురించి ఒక్క మాట. నేను కమిటీలో చేరిన కొత్తలో మూడు మీటింగులు నోరు విప్పలేదు. ఫైళ్ళన్నీ ఇంగ్లీషులో, మాటలన్నీ ఇంగ్లీషులో. నాలుగో మీటింగులో ఛైర్మన్ గారు, “అమ్మా, ఈ ఒక్క ఫైలు తెలుగులో మాట్లాడుకుందాం, మీరు మొదలుపెట్టండి” అన్నారు. ఆ రోజే మొదటిసారి, “కూలికి పోయే మనిషి రక్తం ఇవ్వడానికి సగం రోజు ఆగితే, ఆ కూలి ఎవరిస్తారు?” అని అడిగాను. గది నిశ్శబ్దమైపోయింది. బడ్జెట్‌లో ఆ గడి లేదు. ఇప్పుడు ప్రతి ప్రాజెక్టులో ఉంటోంది. ఆయన తెలుగులో అడిగి ఉండకపోతే ఆ ప్రశ్న నాతోనే ఇంటికి పోయేది.

చదువు తక్కువ వాళ్ళకి పరిశోధన ఏం అర్థమవుతుంది అనేవాళ్ళకి దూబగుంట గుర్తుచేస్తాను. నెల్లూరు జిల్లా కలిగిరి దగ్గర ఊరు. అక్షరాస్యతా కార్యక్రమంలో రాత్రి బడికి వచ్చిన కూలి ఆడవాళ్ళు, ఊరి సమస్యల గురించిన పాఠం చదువుకుని, మన కూలి డబ్బులన్నీ ఎక్కడికి పోతున్నాయని లెక్క వేసుకున్నారు. సారా అంగడి మూయించారు. ఆ మంట రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం వచ్చింది. సమస్య కనిపెట్టడం, లెక్క తీయడం, కారణం తేల్చడం, మీరు థీసిస్‌లో చేసేది అదే కదా. వాళ్ళు లాంతరు వెలుతురులో చేశారు.

అవ్వ చివరికి వేలిముద్ర వేసింది. నేనేమీ నచ్చజెప్పలేదు. ఆ ఇంటర్ చదివిన అమ్మాయి వచ్చి పక్కన కూర్చుని, పత్రం మొత్తం వాళ్ళ మాటల్లో చెప్పింది. అప్పుడు అవ్వ చెయ్యి బయటికి తీసింది. వేసే ముందు ఒకటే అడిగింది: “ఆ నీళ్ళల్లో ఏముందో తెలిసినాక మళ్ళీ వచ్చి మాకు చెబుతారా?”

“చెబుతాం అవ్వా” అన్నారు పిల్లలు. నేనూ అన్నాను.

నాలుగేళ్ళయింది. రిపోర్టు వచ్చింది, పేపరు అచ్చయింది, ఢిల్లీలో ఒక సమావేశంలో చదివారు. కాలనీకి ఎవరూ వెళ్ళలేదు. ప్రాజెక్టు అయిపోయింది, జీపు లేదు, ఆ పిల్లలు వేరే ఉద్యోగాలకి పోయారు. మాట ఇచ్చినవాళ్ళలో ఈ జిల్లాలో మిగిలింది నేనొక్కదాన్నే. రిపోర్టుని రెండు పేజీల తెలుగులో రాసుకున్నాను. కాలనీ బోరు నీళ్ళ ఫలితం కూడా అందులో ఉంది, మంచి ఫలితం కాదు.

వచ్చే ఆదివారం వెళుతున్నాను. పగలు పోతే ఎవరూ ఉండరు కాబట్టి, సాయంత్రం నాలుగింటికి ఒంగోలు బస్టాండులో పొదిలి బస్సు ఎక్కుతాను. చీకటి పడేటప్పటికి కాలనీలో ఉంటాను. నీళ్ళ గురించి వాళ్ళు అడిగే ప్రశ్నలకి జవాబు చెప్పగల డాక్టర్ ఒకరు నాతో రావాలి. ఇద్దరు వస్తే ఇంకా మంచిది. రాత్రి భోజనం ఆ అమ్మాయి వాళ్ళింట్లో పెడతామన్నారు. వచ్చేవాళ్ళు ఇప్పుడే, ఈ బల్ల మీదున్న కాగితంలో పేరు రాయండి.